ఎదురుగాలిలో రొట్టెలక్క

బేకరీలో రొట్టెలు కాల్చే ఆవిడను అందరూ రొట్టెలక్క అనేవాళ్లు. ఏళ్ల తరబడి తల్లి మంచం పక్కనే గడిపిన మనిషి, ఆ తల్లి పోతే ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. "నాలుగు ఊళ్లు తిరిగితే మనసు తేలికపడుతుంది, రావే" అంటూ వదిన ఆమెను తమ జట్టు సైకిల్ యాత్రకు లాక్కొచ్చింది.

రెండోరోజు కొండదారిలో వాన పట్టుకుంది. జట్టుకు ముందుండి ఎదురుగాలికి అడ్డుగా తొక్కుతున్న డ్రాయింగ్ మాస్టారు చలికి వణికిపోయి చేతులెత్తేశాడు. ఎవరూ అడక్కుండానే రొట్టెలక్క ముందుకొచ్చింది. వాన ముఖాన ఈడ్చి కొడుతున్నా తల వంచలేదు. మిగతావాళ్లు ఆమె వెనకాలే కోడిపిల్లల్లా నక్కుతూ సాయంత్రానికి లాడ్జి చేరారు.

"గట్టి పిండమమ్మా నువ్వు!" అన్నాడు మాస్టారు.

ఆమె సైకిల్‌ను గోడకు ఆనించింది. అందులో ధైర్యం ఏముంది? చలి తెలియలేదు, అంతే.

గదిలో వదిన ఆమె చేతులు పట్టుకుని వేడినీళ్ల బకెట్లో ముంచింది. కొయ్యబారిన వేళ్లు ఎర్రబడ్డాయి.

"మండుతోందా?"

"లేదొదినా."

"అత్తయ్య పోయినరోజూ ఇంతేనా?"

"ఇంతే. ఏడవాలనే ఉంది. రావడం లేదు."

వదిన తువ్వాలుతో ఒక్కో వేలూ తుడిచింది. "రాకపోతే పోనీలే. రేపు నేను ముందుంటాను. నువ్వు నా వెనక రా."

మర్నాడూ వాన వెలవలేదు. రొట్టెలక్క వదిన వీపునే చూస్తూ తొక్కింది. కొండ దిగాక గానీ గమనించలేదు, చాలాసేపటి నుంచీ తనకు చలేస్తోందని.