మత్తయ్య రెండవ సాక్ష్యం

శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డును ఆనుకొని ఉన్న చిన్న చర్చిలో ఆదివారం గంట మ్రోగించే భాగ్యం ద్రాక్షతోటలో పనిచేసే మత్తయ్యది. విమానాశ్రయం ఊసైనా లేని ఆ తొంభైలలో, గంట వినబడగానే పొయ్యి ఆర్పి బయలుదేరే ఇండ్లు చాలానే ఉండేవి. ఆ నాదం గురించి ఎంతైనా చెప్పవచ్చును గాని, ముందు మత్తయ్య సంగతి చూద్దాం.

ఒక ఏడు తల తిరుగుతున్నదని దవాఖానకు వెళితే, బీపీ ఉన్నదని తేల్చి, గుండెకు చేటు రాకుండా రోజూ ఒక గోలీ మింగమన్నారు, ఊరగాయ తగ్గించమన్నారు. నెల తిరక్కముందే నెమ్మదించింది. సంతోషం పట్టలేక మత్తయ్య ఆరాధనలో లేచి, "దేవుడు నన్ను బాగు చేసిండు" అని సాక్ష్యం చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చిక్కు అక్కడే వచ్చింది. బాగుపడ్డానని పదిమందిలో పలికిన నోట మరునాడు గోలీ వేసుకోవడమెలా? ఎవరైనా చూస్తే సాక్ష్యం అబద్ధమనరా? మందు మానేశాడు.

ఈస్టర్‌కు ముందు వారం, మట్టల ఆదివారం నాడు గంట కొడుతుండగా రొమ్ము బిగుసుకుపోయి, తాడు వదిలి కూలబడ్డాడు. గంట నడుమ ఆగిపోవడం విని, ఎదుటి దుకాణంలోని దర్జీ ఫరీద్ కుట్టు విడిచి పరుగెత్తుకొచ్చాడు; ఆటోలో దవాఖానకు చేర్చాడు.

"గుండె దెబ్బతినలేదు. మందు మాత్రం ఇక ఆపకండి" అన్నాడు డాక్టరు.

"ఎందుకాపినవ్ మత్తన్నా?" అని ఫరీద్ నిలదీస్తే, మత్తయ్య తలవంచుకొని ఉన్నమాట చెప్పాడు.

"అరే! నేను నమాజ్ చేస్త, బీపీ గోలీ గూడ మింగుత. అల్లా నా మీద అలిగిండా?"

"నువ్వు సాక్ష్యం చెప్పలే గద భాయ్! సంఘంల ఏమనుకుంటరు?"

కబురు విని వచ్చి, అంతసేపూ కొంగుతో కళ్ళొత్తుకుంటున్న భార్య యేసమ్మ భగ్గుమన్నది. "నువ్వు పోతే సంఘమొచ్చి నాకు బువ్వ పెడ్తదా? ఆ గోలీ గూడ దేవుడిచ్చిందే గదా!"



ఈస్టర్ నాడు మత్తయ్య ఆరాధనలో మళ్ళీ లేచి నిలబడ్డాడు. "అప్పుడు సగమే చెప్పిన. దేవుడు నన్ను గోలీలతోని బాగు చేసిండు. నేనే మానేసిన. మల్ల ఫరీద్ భాయ్‌ని పంపి కాపాడిండు."

ఆడవాళ్ళ వైపు నుండి ముసలి జంగమ్మ గొంతు లేచింది: "ఇగ నేను గూడ మింగుత బిడ్డా! విశ్వాసం లేదంటరని నా గోలీలు గిన్నొద్దులు దాసిపెట్టిన." గొల్లున నవ్వులు, ఆ నవ్వులలోనే చప్పట్లు.

నాటి నుండి మత్తయ్య ప్రతి ఉదయం గోలీని అరచేత పెట్టుకొని, అన్నం ముందర చేసినట్లే కళ్ళు మూసి కృతజ్ఞత చెల్లిస్తాడు. ఫరీద్ పేరు వచ్చేసరికి ఆ ప్రార్థన మరికొంత సాగుతుంది.

"జర జల్దీ కానియ్యి, చాయ్ సల్లారుతది" అంటుంది యేసమ్మ, తానూ కళ్ళు మూసుకొనే.