హాజరుపట్టీలో పన్నెండో పేరు

1961 ఫిబ్రవరిలో నన్ను తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాలేనికి బదిలీ చేశారు. నేను చేతిపనుల శిక్షకురాలిని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అక్కడ చేపలు పట్టే కుటుంబాల ఆడవాళ్ళకు పూసల లోలాకులు చేయడం నేర్పే కేంద్రం ఒకటి అప్పటికే నడుస్తోంది. నాకంటే ముందున్నావిడ సామాను, పనిముట్లు, హాజరుపట్టీ అప్పగించి అదే రోజు బండెక్కి వెళ్ళిపోయింది. పట్టీలో పన్నెండు పేర్లు ఉన్నాయి.

పని గురించి కొంత చెప్పాలి. సన్నని వెండితీగను అల్లి, అతికించి చేసిన జాలీబిళ్ళలు మాకు నెల్లూరు నుంచి తయారుగా వచ్చేవి. ఒక కొసన చిన్న గుండు ఉన్న తీగముక్కకు పూసలు ఎక్కించి, పైకొసను గుండ్రటి మూతి పటకారుతో వంచి, బిళ్ళ అంచుకు తగిలించి, మిగిలిన తీగను ఆ వంపు కింద మెడ చుట్టూ మూడు చుట్లు చుట్టి కత్తిరించాలి. ఆ మూడు చుట్లలోనే పనివాడి చెయ్యి తెలుస్తుంది. కుడిచేతివాళ్ళ చుట్టు ఒక వైపు తిరుగుతుంది, ఎడమచేతివాళ్ళది రెండో వైపు. కొన్నాళ్ళు నేర్పితే ఏ లోలాకు ఎవరిదో చూడగానే చెప్పగలం.

మొదటి రోజు నేను తల వంచుకుని వరసగా పేర్లు పిలిచాను. పలికిన ప్రతివాళ్ళకూ గీత పెట్టుకుంటూ పోయాను. చివరి పేరు కావేరమ్మ. ఆ పేరు పిలవగానే గదిలో చేతుల కదలిక ఆగిపోయింది. కాసేపటికి వెనక నుంచి ఒక గొంతు, "ఉండానమ్మా" అంది. గీత పెట్టాను.

మధ్యాహ్నం పూసలు పంచుతుంటే ఒకరి వంతు మిగిలింది. తలలు లెక్కపెడితే పదకొండు. ఎవరో ఇంటికి వెళ్ళి ఉంటారనుకుని ఆ వంతు ఖాళీగా ఉన్న చాప మీద పెట్టాను. సాయంత్రం పని సరిచూసే పళ్ళేలు మాత్రం పన్నెండు వచ్చాయి. పన్నెండో పళ్ళెంలో ఆకుపచ్చ పూసల లోలాకుల జత ఉంది. మిగతావాటికంటే శుభ్రమైన పని. చుట్లు ఎడమచేతివి.

మర్నాడు ఒక్కొక్కరి పక్కన కూర్చుని పని చూశాను. పదకొండుమందీ కుడిచేతివాళ్ళే. ఆ సాయంత్రం కూడా ఎడమచేతి చుట్ల జత ఒకటి వచ్చింది. ఎవరు చేశారని అడిగితే అందరూ నేల చూశారు. నేనూ రెట్టించలేదు. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. పేరు పిలిచేటప్పుడు తల ఎత్తి చూడాలని ప్రతి ఉదయం అనుకునేదాన్ని, ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు పట్టీ మీదనే ఉండిపోయేవి. అలా నెలన్నర గడిచింది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి బయలుదేరి, గొడుగు మరిచిపోయి సగం దారిలో వెనక్కి వచ్చాను. అందరూ ఇళ్ళకు పోయారు. కిటికీలోంచి చూస్తే లోపల ఒక ఆడమనిషి చాప మీద కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. కేంద్రం వెనక తిన్నె మీద వల బాగుచేసుకుంటూ రోజూ కనిపించేది, పేరు అంకమ్మ అని మాత్రం తెలుసు. ఆమె కుడిచేత్తో లోలాకు పట్టుకుని ఎడమచేత్తో పటకారు తిప్పుతోంది. రెండు చుట్లు చుట్టి ఆగింది. ఎవరో పిలిచినట్టు పక్కకు తల తిప్పి విన్నది. ఆమె పక్కన చాప ఖాళీగా ఉంది.

"అట్టనా?" అంది మెల్లగా. చుట్టినదంతా విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది. మూడో చుట్టు అయ్యాక మళ్ళీ అటు తిరిగి, "ఇప్పుడు బాగుందా?" అని అడిగింది. జవాబు విన్నట్టే తల ఊపింది.

బయట ఎండ మండుతోంది. గొడుగు తీసుకోకుండానే వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం అందరిలోకీ పెద్దదైన రమణమ్మను ఆపి అడిగాను. చెప్పింది. కావేరమ్మ అంకమ్మకు ఒక్కతే కూతురు. ఎడమచేతివాటం. కేంద్రంలో చేరిన మూడో నెలలో, కార్తీకంలో, కాలవ దాటుతుంటే పడవ తిరగబడింది. మిగతావాళ్ళు ఒడ్డుకు చేరారు. ఆ పిల్ల దొరకలేదు.

"పేరు పిలిస్తే అంకమ్మే పలుకుతాది టీచరమ్మా, ఎనక తిన్నె మీద కూచోని. ముందున్నమ్మ చూసి కూడా ఊరకున్నాది. మేం ఎట్టా చెప్తాం? ఆ పని అంకమ్మకు ఎవురూ నేర్పించలా. మాకూ బయంగానే ఉండాది" అంది రమణమ్మ.

ఆ వారంలోనే నెల్లూరు నుంచి సూపర్వైజరు గారి ఉత్తరం వచ్చింది, ఎల్లుండి తనిఖీకి వస్తున్నానని. ఆయన పట్టీ తానే చేతిలోకి తీసుకుని, ఒక్కొక్క ముఖమూ చూస్తూ పేర్లు పిలిచే మనిషి. లేని మనిషికి నెలన్నరపాటు హాజరు వేశానని తేలితే నా ఉద్యోగం నిలవదు.

మర్నాడు ఉదయం ఆ పేరు పిలవకుండా పట్టీ మూశాను. అంకమ్మ తిన్నె దిగి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నా బిడ్డ పేరు పిలవలేదేందమ్మా?"

లేని మనిషిని పిలవకూడదని, చనిపోయినట్టు రాసి పేరు తీసేస్తానని చెప్పాను.

"చచ్చిపోయిందని నీకెవురు చెప్పినారు? నువ్వు చూసినావా?"

నేను పట్టీ మళ్ళీ తెరిచాను.

"దొరకలా గదా. అట్టా రాయబాకమ్మా" అంది. ఏడవలేదు.

ఆమె అడిగినదాంట్లో తప్పు నాకు కనిపించలేదు. కావేరమ్మ హాజరవడం నేను చూడలేదు. చనిపోవడమూ చూడలేదు. అయినా ఒకటి రాసేశాను, రెండోది రాయబోతున్నాను. నెలన్నర గీతలనూ ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన, "ఈమె నేను చార్జి తీసుకున్నప్పటి నుంచి హాజరు కావడం లేదు. హాజరు వేసినది నా పొరపాటు" అని రాసి సంతకం పెట్టి, చనిపోయిందని రాయకుండా ఆ పేరు అక్కడితో ఆపాను. అంకమ్మకు అది చదివి వినిపించాను. తర్వాత, ఖాళీ అయిన చోట నీ పేరు రాయమంటావా అని అడిగాను.

"నా పేరుకు నేను పలికితే, దాని పేరుకు ఎవురు పలుకుతారమ్మా?" అని వెళ్ళిపోయింది. అయినా రాశాను.

తనిఖీ రోజు ఆమె వస్తుందని నాకు నమ్మకం లేదు. సూపర్వైజరు గారు పదకొండు పేర్లు పిలిచే లోపల వెనక గుమ్మంలోంచి వచ్చి కూతురి చాప మీద, ఒక పక్కకు జరిగి, ఇంకొకరికి చోటు వదిలినట్టు కూర్చుంది. "అంకమ్మ" అని పిలిచారాయన. జవాబు లేదు. మళ్ళీ పిలిచారు. ఆమె ఖాళీ వైపు తల తిప్పింది. అలా కొంతసేపు విని, ముందుకు తిరిగి, "ఉండానయ్యా" అంది.

ఆయన ఎర్ర సిరా చూశారు, నేను రాసింది చదివారు. ఆడవాళ్ళ ముందు ఏమీ అనలేదు. పది రోజులకు నాకు మెమో వచ్చింది, ఉద్యోగం ఖాయం కావడం ఏడాది వెనక్కి పోయింది.

అంకమ్మ శిక్షణ పూర్తిచేసి, తర్వాత బిళ్ళ అంచుకు తీగ తగిలించడం కొత్తవాళ్ళకు తానే చూపించేది. ఈ పని ఎలా నేర్చుకున్నావక్కా అని ఒకసారి అడిగాను. "పక్కన కూచోని చెప్తే నేర్చుకున్నా" అంది. తిన్నె మీద నుంచి కిటికీలో రోజూ చూసి నేర్చుకుని ఉంటుందని నా ఊహ. అంతకు మించి అడగలేదు.

ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు ఉద్యోగం చేశాను. పేరు పిలిచిన ప్రతిసారీ ముఖం చూసి గీత పెట్టాను. కళ్ళతో చూడనిది, మంచిదైనా చెడ్డదైనా, పట్టీలో రాయలేదు. నా కింద చేరిన వాళ్ళకు మొదటి రోజు చెప్పింది కూడా ఇదే.