హనుమంతరాయప్ప సారు గొలుసు

జీపు గుంతలో పడినప్పుడల్లా వెనక సీటు కింద పాత కొలత గొలుసు గలగలమంటుంది. సర్వేకి యంత్రాలు వచ్చాక దాన్నెవరూ వాడరు. హిందూపురం ఆఫీసులో నన్ను చూసి నవ్వుతారు కూడా. నవ్వుకోనీ. ఆ చప్పుడు వింటే హనుమంతరాయప్ప సారు పక్కన కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

ధర్మవరం నుంచి వచ్చి సర్వేయరుగా చేరిన కొత్తలో ఆయన నా పైఅధికారి. పెనుకొండ మనిషి. అగళి దగ్గర ఒక వంక నీళ్ల కోసం మన వైపు ఊరికీ, కర్ణాటక వైపు ఊరికీ గొడవొస్తే హద్దు తేల్చమని నన్ను పంపారు. వంకకు అవతల ఒక వీరగల్లు, పోరులో చచ్చిన వీరుడి గుర్తుగా నాటిన రాయి, ఉంది. పాళెగాళ్ల కాలంలో అవతలివాళ్లతో పోరాడి అక్కడే చచ్చినవాడు మావాడు, కాబట్టి హద్దు అదేనన్నారు మన ఊరివాళ్లు. వాళ్ల ఆవేశం నాకూ అంటుకుంది. పటం సరిగ్గా చూడకుండానే ఆ రాయి దగ్గర హద్దు గీసేశాను. మర్నాటికల్లా రెండు ఊళ్లూ కట్టెలు పట్టుకుని వంకలో దిగాయి.

సారు వచ్చి నేరుగా రాయి దగ్గరికి నడిచారు. దానిమీద రెండు ఊళ్లవాళ్లూ పెట్టిన కుంకుమ ఉంది.

"ఈయప్ప మావోడు సార్," అన్నారు ఇటువాళ్లు. "ఇవను నమ్మవను," అని అదే మాట కన్నడంలో అన్నారు అటువాళ్లు.

"సరేప్పా, పేరేమి?" అని అడిగారు సారు. "పేరు గూడా తెలీనోని కోసరం ఈపొద్దు ఇంగొకన్ని సంపుతారా? మా పెనుకొండ కోట కోసరం ఎందరు సచ్చిరో! ఇప్పుడు ఆడ మేకలు మేస్తాండాయి. పట్టండి గొలుసు."

గొలుసు పట్టించడంలో ఆయనకో పద్ధతి ఉండేది. ఇటు రైతు అటు పొలంలో, అటు రైతు ఇటు పొలంలో నిలబడి చెరో కొస పట్టుకోవాలి. అప్పుడు కొలతను ఎవరూ కాదనలేరు. హద్దు వంక నడుమ తేలింది. "మరి రాయి కాడ గీయమనిందెవరు?" అని ఎవరో అరిచారు. నేను సారు వెనక్కి జరిగాను.

"నేనే గీయమన్నా. తప్పు నాదే," అన్నారు సారు.

రిటైరయ్యే ముందు ఆ తప్పుకు ఆయనకు మెమో వచ్చింది. ఏడుస్తున్న నాతో "ఊరుకోమ్మా, ఇంగమీదట పటం సూసి గీయి," అన్నారు, అంతే. నేను నోరు విప్పలేదు. ఆయన పోయాక కూడా విప్పలేదు. ఆ సిగ్గు నాతోనే ఉండిపోయింది.

ఈ ఏడు వానల్లేక ఆ వంక దగ్గరే మళ్లీ గొడవ. రెండు ఊళ్ల కుర్రాళ్లూ ఆ వీరుడికి గుర్రం, కత్తి తగిలించి ఫోన్లలో బొమ్మలు తిప్పుతున్నారు. నేను వెళ్లగానే మన వైపు పెద్దాయన ఒకడు, "అప్పుడు మీ హనుమంతరాయప్పే గదమ్మా తప్పు గీయించి తగువు పెట్టింది," అన్నాడు. పాత యుద్ధంలాగే ఇదీ మనవళ్ల దాకా దిగిపోతుందనిపించింది, అబద్ధంతో సహా.

"ఆయన గీయమనలేదు, నేనే గీశాను," అన్నాను, రెండు ఊళ్లకూ వినిపించేలా.

పెద్దాయన జీపు దగ్గరికి వెళ్లి గొలుసు బయటికి లాగాడు. ఒక కొస ఇటు గట్టుకు పిలిచిన అటు రైతు చేతిలో పెట్టి, రెండోది తాను పట్టుకుని వంక దాటుతూ అన్నాడు:

"హనుమంతరాయప్ప సారు ఇట్లనే పట్టిస్తాండిరి."