కొల్లేటి గట్టు మీద పాప కుర్చీ

పటంలో చూస్తే మా ప్రయాణం జానెడు కూడా ఉండదు. ఏలూరు నుంచి కొల్లేటి లంకలు, మళ్ళీ వెనక్కి వచ్చి హైవే ఎక్కి తాడేపల్లిగూడెం. ముప్పై ఏళ్ళుగా బస్సుల్లో నేను తిరుగుతున్న దారే. కొల్లేటిలో చేపల చెరువుల గట్లు సర్కారు తెగ్గొట్టిన మరుసటి ఏడు, నవంబరు నెలాఖరులో, ఒక కుర్చీని వెంటబెట్టుకుని ఆ దారిన వెళ్ళాల్సి వచ్చింది.

ఎందుకు బయలుదేరామో ముందు చెప్పాలి. మా చెల్లెలు సుగుణ, కూతురు గ్రేస్‌ చంటిపిల్లగా ఉండగానే కామెర్లతో పోయింది. నేను పెళ్ళి చేసుకోలేదు, ఏలూరులో మిషను బడిలో టీచర్ని. పిల్లని నేనే తెచ్చుకుని పెంచాను. అప్పుడు కొల్లేరు నిండుగా ఉంది. లంక నుంచి తాటి దోనెలో, గొడుగు కింద, దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని తెచ్చాను. దోనె ఊగినప్పుడల్లా నేను బిగుసుకుపోయేదాన్ని, అది మాత్రం గుప్పిళ్ళు మూసుకుని నిద్రపోయింది. ఆ ఒక్క ప్రయాణంతోనే నేను తల్లినయ్యానని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ గ్రేసే ఇప్పుడు మద్రాసులో పెద్దాసుపత్రిలో నర్సు. అల్లుడు ప్రసాద్‌ది తాడేపల్లిగూడెం. వాళ్ళ పాపకి ఎనిమిదో నెల. ఆదివారం గూడెం చర్చిలో బాప్తిస్మం పెట్టుకున్నారు. దానికి ముందు లంకలో సుగుణ సమాధి దగ్గరికి పాపని తీసుకెళ్ళాలని గ్రేస్ ఫోనులో అడిగింది. నేను వెంటనే సరేనన్నాను. గ్రేస్‌ని తెచ్చిన దారిలోనే మనవరాల్ని కూడా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాలని నా కోరిక. వారం రోజులు అదే తలుచుకుంటూ గడిపాను.

శనివారం తెల్లవారి ఆరింటికి మద్రాసు బండి ఏలూరులో ఆగింది. ప్రసాద్ ఏర్పాట్ల కోసం ముందే గూడెం చేరాడు కాబట్టి గ్రేస్ ఒక్కతే పాపతో దిగింది. వెనకాల పోర్టరు నెత్తిన బూడిద రంగు ప్లాస్టిక్కు కుర్చీ ఒకటి, లోపల మెత్త, చుట్టూ పట్టీలు.

"సెలూన్ కుర్చీ పిల్లని పెట్టినట్టుందండి" అన్నాడు పోర్టరు, దించుతూ.

గ్రేస్‌తో పనిచేసే డాక్టరమ్మ, తన పిల్లలు పెద్దవాళ్ళయ్యారని ఇచ్చిందట. కారులో పిల్లల్ని కూర్చోబెట్టేదట. నేను పట్టించుకోలేదు. కుర్చీ డిక్కీలో ఉంటుంది, పాప నా ఒళ్ళో ఉంటుంది అనుకున్నాను.

ఇంటికెళ్ళి పెసరట్లు తిని, పాపకి నీళ్ళు పోసేసరికి ఎనిమిదయింది. అద్దె కారు వచ్చింది. డ్రైవరు సత్తిబాబు మా బడిలో చదివినవాడే. గ్రేస్ వెనక తలుపు తీసి, సీటంతా చేత్తో తడిమి, "బెల్టులేవి అన్నయ్యా?" అంది.

"వెనక బెల్టులా అండి? ఉన్నాయండి. కవర్లు కుట్టించినప్పుడు కిందికి వెళ్ళిపోయాయండి. ఎవరూ అడగలేదండి ఇప్పటిదాకా."

మన వైపు అద్దె కారు ఎక్కేవాళ్ళకి ఇది తెలిసిందే. సీటు మాసిపోకూడదని కొత్త కారుకి ముందు కవరు కుట్టిస్తారు, ఆ కుట్టుతోనే బెల్టులు సమాధి. బ్లేడు తెచ్చి ఓ పక్క కుట్లు విప్పితే, వేరుశనగ తొక్కల మధ్య బకిల్ బయటపడింది. దానితోపాటు చిన్న బంగారు మర కూడా దొరికింది.

"మా ఆవిడ దుద్దు మరండి ఇది. దీని గురించి నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదండి" అని సత్తిబాబు దాన్ని చొక్కా జేబులో భద్రంగా వేసుకున్నాడు. ఆ తరువాత ఆ కుర్చీ మీద అతనికి గౌరవం పెరిగింది. ముందు సీట్లో పెడితే పాప కనపడుతూ ఉంటుందని సలహా కూడా ఇచ్చాడు. గ్రేస్ ఒప్పుకోలేదు, వెనక సీటే మంచిదంది.

కుర్చీని వెనక్కి తిప్పి పెట్టింది, అంటే పాప మొహం కారు సీటు వైపు ఉంటుందన్నమాట.

"పాపం, దారి కనపడదు కదే దానికి" అన్నాను.

"ఈ వయసులో తల బరువు, మెడ లేత, పెద్దమ్మా. బ్రేకు పడితే ముందుకి చూసే పిల్లకి మెడొక్కటే లాగేస్తుంది. ఇలా అయితే వీపూ తలా కలిసి కుర్చీకే ఆనుకుంటాయి."

కారు బెల్టుని కుర్చీ అడుగునున్న సందుల్లోంచి మెలి పడకుండా లాగి, బకిల్లో టక్కుమనిపించింది. తరువాత మోకాలు కుర్చీలో వేసి, ఒళ్ళంతా బరువు మోపి, భుజం మీదికి వెళ్ళే బెల్టుని పైకి లాగింది. అంత లాగినా వదలగానే మళ్ళీ సాగింది. కుదుపు వస్తేనే బిగుసుకునే రకం బెల్టట అది. దానికోసం ఒక ఇనప క్లిప్పు తెచ్చుకుంది. బకిల్ పక్కనే రెండు పొరల బెల్టునీ కలిపి ఆ క్లిప్పుతో బిగించింది. అప్పుడు బెల్టు దూరిన చోట కుర్చీని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసింది. ఇంతసేపూ నేను గుమ్మంలో నిలబడి గడియారం చూస్తున్నాను. చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండుతోంది.

పక్కింటి మంగతాయారుగారు గోడ మీంచి తొంగిచూసి, "చంటిదాన్ని కట్టేసి తీసుకెళ్తారా అండి?" అని అడిగారు. నా మనసులో మాటే ఆవిడ నోట వచ్చింది.

అయినా ఊరుకోలేక, పాప వీపుకి ఒత్తుకుంటుందేమోనని, ఇంట్లోంచి బొంత తెచ్చి కుర్చీలో పరిచాను. సుగుణ చీరలతో నేనే కుట్టిన బొంత. గ్రేస్ పెరిగింది దాని మీదే. గ్రేస్ పాపని కూర్చోబెట్టి పట్టీలు బిగించింది. వేళ్ళతో నొక్కి చూసి, మళ్ళీ విప్పి, బొంత తీసి నా చేతిలో పెట్టింది.

"వీపు కింద మందంగా ఏదీ ఉండకూడదు పెద్దమ్మా. బొంత అణిగిపోతే పట్టీ వదులైపోద్ది, పిల్ల జారిపోద్ది."

అది నర్సులా చెప్పింది. నాకు మాత్రం సుగుణని కారు దింపినట్టనిపించింది. బొంత మడిచి బట్టల సంచిలో కుక్కి కారెక్కాను.

తొమ్మిది దాటాక కైకలూరు రోడ్డు పట్టాం. శ్రీపర్రు దగ్గర టీ కోసం ఆగితే, వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు కారులోకి చూసి, "పాప వెనక్కి తిరిగి కూర్చుందేంటండి, అలిగిందా?" అన్నారు. అలిగింది పాప కాదు, పెద్దమ్మ. గట్లు తెగ్గొట్టిన చోట నీళ్ళు మళ్ళీ పరుచుకున్నాయి. గూడకొంగలు గుంపుగా వాలుతున్నాయి. ఇటు రాదలచుకున్నవాళ్ళు చలి మొదలయ్యాక ఉదయాన్నే రండి, ఎండెక్కితే పిట్టలు దూరంగా పోతాయి. నా చిన్నప్పుడు దోనె వెళ్ళిన చోటే ఇప్పుడు కారు వెళ్తోంది. తెడ్డు చప్పుడు, తామరాకుల వాసన, అమ్మ అన్నం మూట విప్పడం అన్నీ గుర్తొచ్చి, కోపంలో కూడా కళ్ళు చెమర్చాయి.

లంకలో మా బాబాయి కొడుకు యోహాను ఇంట్లో దిగాం. మా ఇంట్లో బాప్తిస్మానికి బిడ్డ ఎత్తు బియ్యం చర్చికి ఇస్తాం. యోహాను చేపల కాటా తెచ్చి కడిగి, ఒక తట్టలో దుప్పటి పరిచి పాపని కూర్చోబెట్టాడు, రెండోదాంట్లో బియ్యం పోశాడు. పాప కాటా గొలుసు పట్టుకుని కేరింతలు కొట్టింది.

"ఎంత బరువున్నాదో ఈ కొర్రమీను" అన్నాడు. తూగిన బియ్యాన్ని సంచిలో పోసి మూతి కట్టాడు.

కొర్రమీను పులుసుతో భోంచేసి సమాధుల దొడ్డికి వెళ్ళాం. సుగుణ శిలువకి యోహాను సున్నం వేయించాడు. అక్కడ పాప నా చేతుల్లోనే ఉంది. "ఇదిగోనే, నీ మనవరాలు" అన్నాను. పాప సున్నం మీద చెయ్యి పెట్టి, ఆ చేత్తో నా బుగ్గ తడిమింది. గ్రేస్ చాలాసేపు కూర్చుని లేచింది.

మళ్ళీ కారు దగ్గరికొచ్చాక ఆశ చావక అడిగాను. "ఇది గట్టు రోడ్డే, సత్తిబాబు నడక మీద పోతాడు. మెయిన్ రోడ్డు దాకా నా ఒళ్ళో ఉండనీవే. నిన్ను ఇక్కణ్ణుంచే తెచ్చాను."

గ్రేస్ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "నాకు తెల్దా పెద్దమ్మా? నువ్వు అడిగితే కాదనలేక పొద్దుటినుంచీ చచ్చిపోతున్నాను. మా వార్డుకి అమ్మల ఒళ్ళోంచి పడ్డ పిల్లలు వస్తారు. ప్రతి అమ్మా గట్టిగానే పట్టుకున్నానని చెప్తది." పాపని కుర్చీలోనే కూర్చోబెట్టింది.

నా మొండితనం నాది. డిక్కీలో చోటున్నా బియ్యం సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "దీనికి కూడా బెల్టు కావాలంటావా?" అన్నాను. గ్రేస్ నవ్వి ముందు సీటెక్కింది. నేను సంచి చుట్టూ రెండు చేతులూ వేసి, పాపని ఎత్తుకున్నట్టే పట్టుకున్నాను.

గట్టు మలుపులో బాతుల మంద అడ్డం వచ్చింది. సత్తిబాబు వేగంగా లేడు, అది నేను సాక్ష్యం చెప్పగలను. బ్రేకు గట్టిగా తొక్కాడు, అంతే. సంచి నా చేతుల్లో ఉందనుకుంటూనే ఉన్నాను, అది ఎదుటి సీటుకి కొట్టుకుని, మూతి ఊడి, బియ్యం గేరు రాడ్డు దాకా చిమ్మింది. నా తల ముందు సీటుకి తగిలి నుదురు బొప్పి కట్టింది. కారులో కొంతసేపు బియ్యం రాలే చప్పుడొక్కటే వినిపించింది.

పక్కకి చూస్తే, కుర్చీ ఉన్నచోటే ఉంది. పాప కళ్ళు తెరిచి, తన కాలి మీద పడ్డ బియ్యపు గింజల్ని చూస్తోంది.

పాప ఎత్తు బియ్యం అవి, అదే కాటాలో తూచినవి. నా రెండు చేతులూ ఇంకా గుండ్రంగానే ఉన్నాయి, మధ్యలో ఏమీ లేదు. గ్రేస్ దిగి వచ్చి నా నుదురు తడిమింది. బాతుల కాపరి కర్ర ఎత్తి, "తప్పయిందండీ" అన్నాడు. నిజానికి అతనికి నేనే దణ్ణం పెట్టాలి.

గ్రేస్ కుర్చీని మళ్ళీ ఊపి చూసింది. బిగువు బాగానే ఉంది. కానీ గుంతల దారికి కుర్చీ నిటారుగా లేచినట్టయి, పాప కునికినప్పుడు తల గుండెల మీదికి వాలుతోంది. పాదాల వైపు అడుగున, కారు సీటు మడతలో, ఏదైనా చుట్ట చుట్టి పెడితే కుర్చీ వెనక్కి వాలుతుందట. తన తువ్వాలు పలచగా ఉంది, సరిపోలేదు.

నేను బట్టల సంచిలోంచి బొంత తీశాను. "దీన్ని చుట్టి చూడు."

బెల్టు విప్పి, సుగుణ చీరల చుట్టని ఆ మడతలో పెట్టి, కుర్చీ దాని మీద ఆన్చాం. ఈసారి మోకాలు వేసి బరువు మోపింది నేను, బెల్టు లాగి క్లిప్పు పెట్టింది గ్రేస్. తల వెనక్కి ఆనుకుని పాప హాయిగా నిద్రపోయింది. సత్తిబాబు రెండో పక్క కుట్లు కూడా విప్పాడు, నేను పక్కనే కూర్చుని నా బెల్టు పెట్టుకున్నాను. గూడెం దాకా పాప నా చూపుడువేలు పట్టుకునే ఉంది, నాకది చాలనిపించింది.

సాయంత్రం చీకటి పడకముందే గూడెం చేరాం. ఆదివారం చర్చిలో పాపకి సుగుణ అనే పేరు పెట్టారు. ముందుగా నాకెవరూ చెప్పలేదు, ఏడ్చాను. కారులోంచి ఏరి కట్టి చర్చికిచ్చిన బియ్యంలో కాస్త కొల్లేటి ఇసుక ఉండే ఉంటుంది. సోమవారం మధ్యాహ్నం వాళ్ళు మద్రాసు బండెక్కారు. కుర్చీ వాళ్ళతో వెళ్ళింది, బొంత చుట్ట దాని పట్టీల్లో కట్టి ఉంది. తిరిగిస్తానని గ్రేస్ అనలేదు, నేనూ అడగలేదు.

నేను బస్టాండుకి వచ్చి ఏలూరు బస్సెక్కాను, కిటికీ పక్క సీటు దొరికింది. ఉంగుటూరులో జనం కిక్కిరిసి ఎక్కారు. చంకలో పిల్లతో ఒకావిడ నా పక్కన నిలబడింది. మన బస్సుల్లో అడిగేదేముంది, "కాస్త పట్టుకోండమ్మా" అని పిల్లని నా ఒళ్ళో పెట్టేసింది. నిలబడ్డవాళ్ళ పిల్లలు కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పెరగడం మాకు మామూలే. ఎంతమంది పిల్లల్ని అలా భీమడోలు దాకా, ఏలూరు దాకా మోశానో లెక్కలేదు, వాళ్ళ పేర్లు కూడా తెలియవు.

వారమంతా నేను కోరుకున్నది అదే కదా, ఒళ్ళో ఒక పాప, కిటికీలోంచి పొలాల గాలి. కానీ బస్సు కుదిపినప్పుడల్లా పిల్లని ఇంకా దగ్గరికి అదుముకున్నాను. రెండు కాళ్ళూ ఎదుటి సీటు కడ్డీకి తన్నిపెట్టాను. చెంగుతో పిల్లని నా నడుముకి చుట్టుకున్నాను. చుట్టుకుని ఏం లాభమో నాకు తెలుసు, అయినా చుట్టుకున్నాను. పుళ్ళ దాటింది, భీమడోలు దాటింది, ఒక్క ఊరు కూడా నేను చూడలేదు.

గుండుగొలనులో ఆవిడ పిల్లని అందుకుంది. "మీ ఒళ్ళో ఎంత హాయిగా నిద్రపోయిందోనండి" అంది.

తలూపాను. హాయి పిల్లకే, నాకు మాత్రం ఉంగుటూరు నుంచీ ఊపిరాడలేదు. బస్సు కదిలాక చూసుకుంటే, నా రెండు చేతుల వేళ్ళూ ఖాళీ ఒడి మీద ఒకదానిలో ఒకటి బిగుసుకునే ఉన్నాయి. అవి విడేసరికి ఏలూరు వచ్చింది.