బిడ్డకు నీళ్ళు పోసే వేళ

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో నానక్‌రామ్‌గూడలోని ఒక కమ్యూనిటీ హాలులో నర్సులకు పాఠాలు చెప్పాను. కాన్పుకు ముందూ తరువాతా తల్లుల మనసుకు వచ్చే జబ్బులను ఎలా గుర్తుపట్టాలి, వాళ్ళకు ఎలా తోడుండాలి అన్నది పాఠం. ఆ కాలం గురించి మాట వస్తే అందరూ ఆగిపోయిన బస్సులు, మూతపడ్డ బడులు, ధర్నాలు గుర్తు చేసుకుంటారు. నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ హాలులో నవ్విన నవ్వు.

ఆ పనిలోకి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. కొడుకు పుట్టిన కొన్ని నెలలకు నా చెల్లెలు చనిపోయింది. ఎలా అన్నది ఇక్కడ రాయను. ఆ నెలల్లో ఆమెను చూడడానికి చాలామంది వచ్చారు. చుట్టాలు వచ్చారు, డాక్టరు వచ్చింది, టీకాలు వేసే నర్సు వచ్చింది. అందరూ ఉయ్యాలలోకి చూశారు. బాబు బరువెంత అన్నారు, పాలు సరిపోతున్నాయా అన్నారు. నువ్వెలా ఉన్నావని ఆమెను అడిగినవాళ్ళు లేరు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అడగాలని వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. తరువాత నేను చాలా చదివాను, పరీక్షలు రాశాను, కౌన్సిలర్‌గా పనిచేశాను. పుస్తకాలలో ఆ స్థితికి చాలా పేర్లున్నాయి. చివరికి నాకు మిగిలింది ఒక్క సంగతి: ఎవరో ఒకరు అడగాలి, అడిగినవాళ్ళు జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి.

బస్సుల్లేవు కాబట్టి నర్సులు మియాపూర్ నుంచీ బాచుపల్లి నుంచీ ఆటోలలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని వచ్చేవారు. వాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకామె ఆ చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సు, యాభై ఏళ్ళుంటాయి, చేవెళ్ళ దగ్గరి పల్లెలో పుట్టింది. అందరూ పెద్ద నర్సమ్మ అనేవారు. రెండో ఆమె గోదావరి జిల్లా పిల్ల, ఒక ప్రైవేటు ఆసుపత్రి కాన్పుల వార్డులో పని. చదువు ముగిసి ఎన్నో ఏళ్ళు కాలేదు.

మొదటి రోజు నేను ప్రొజెక్టరు పెట్టుకుని, బొమ్మలతో సహా సిద్ధంగా వెళ్ళాను. సింగరేణి గనులు కూడా సమ్మెలో ఉన్నాయి, కరెంటు కోతలు. రెండో బొమ్మ దగ్గర ప్రొజెక్టరు ఆగిపోయింది.

"ఏంది మేడమ్, గా పెట్టె గూడ సమ్మెల కూసున్నదా?" అంది పెద్ద నర్సమ్మ.

"మీరు మాత్రం సమ్మె చెయ్యట్లేదేంటండీ?" అని గోదావరి పిల్ల అడిగింది.

"నేను సమ్మె చేస్తే బిడ్డలు కడుపుల ఆగుతరా? తెలంగాణ వచ్చేదాక ఉండుండ్రి అని చెప్పాల్నా?"

ఆ నవ్వులో నేను ప్రొజెక్టరు మడిచేసి టీ తాగుదామన్నాను. టీ దగ్గర గోదావరి పిల్ల నన్ను పక్కకు పిలిచింది.

"మేడమ్, మా వార్డులో ఒకావిడకి పాప పుట్టిందండి. కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం, కడప వాళ్ళు. మొన్న టీకాకి వచ్చారు. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే ఆవిడ గోడకేసి చూస్తూ కూర్చున్నారండి. ఎలా ఉన్నారండీ అనడిగితే వాళ్ళమ్మగారే చెప్పేశారు, బాగుండాదమ్మా అని. నాకెందుకో అప్పట్నించీ అదే కళ్ళ ముందుందండి."

"మళ్ళీ ఎప్పుడు వస్తారు?"

"వచ్చే టీకాకండి. ఇంకా నెలుంది."

నెల చాలా ఎక్కువ. అది నాకు తెలుసు. ఈ పిల్ల పాఠాలు జరిగే ఈ నాలుగు రోజుల్లో అడగడం నేర్చుకుని, ఆ ఇంటికి వెళ్ళి, ఆ తల్లి చేత మాట్లాడించాలి. ఆ క్షణం నుంచి నా పాఠమంతా ఆ ఒక్క గుమ్మం కోసమే అయింది. ఊరూ పేరూ చెప్పకుండా సంగతి అందరి ముందూ పెట్టాం. ఆ తల్లి అనుమతితోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

నేర్పవలసినవి ఎక్కువ లేవు. బిడ్డ నిద్రపోయినప్పుడు కూడా తల్లికి నిద్ర పట్టడం లేదా? దేని మీదా మనసు పోవడం లేదా? బిడ్డకు ఏదో అవుతుందని ఊరికే భయమా, బిడ్డ తనది కానట్టు ఉందా? అన్నిటికంటే కష్టమైన ప్రశ్న చివరిది: చచ్చిపోవాలనిపిస్తోందా? దాన్ని నోటితో అనడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

"లేని ఆలోచన మనమే పెట్టినట్టవుద్దేమోనండీ," అంది గోదావరి పిల్ల.

"పెట్టినట్టు కాదు. ఉంటే ఒంటరిగా మొయ్యకుండా దించుకుంటుంది. లేకపోతే లేదంటుంది."

బొమ్మలు లేవు కాబట్టి నాటకం వేశాం. ఒక తువ్వాలు మడిచి బిడ్డను చేశాం. బొద్దుగా ఉండే ఒక నర్సు బాలింత. పెద్ద నర్సమ్మ అత్త, ఎవరూ అడగకముందే ఆ వేషం తీసుకుంది. గోదావరి పిల్ల గోదావరి పిల్లే.

"నిద్ర పడుతోందా అండీ?" అని బాలింతను అడిగింది.

"మస్తు పడుతది," అంది అత్త.

"మిమ్మల్ని కాదండీ, ఆవిడని."

"దాని నిద్ర నాకు తెల్వదా? నా పక్కనే గద పండేది."

"అత్తగారూ, కాస్త మంచినీళ్ళు ఇస్తారా?"

"కోడలా, నర్సమ్మకు నీళ్ళు తే పో," అని అత్త బాలింతనే లేపి పంపేసింది.

హాలు హాలంతా నవ్వు. గోదావరి పిల్లకు పౌరుషం వచ్చింది. "అలాక్కాదు. మీరు కాసేపు బయటికెళ్ళండి."

"నా ఇంట్లకెల్లి నన్నే ఎల్లగొడ్తవా? గిందుకే మేం వేరే రాష్ట్రం అడుగుతున్నం!"

బాలింత వేషంలో ఉన్నామె ఏడవలసింది పోయి కడుపు పట్టుకుని కింద కూర్చుంది. రెండు రోజులు ఇలాగే సాగింది. ఎవరు వెళ్ళినా అత్తను దాటలేకపోయారు. నాక్కూడా ఉపాయం తోచలేదు. నవ్వుతున్నామే గానీ రోజులు అయిపోతున్నాయి.

మూడో రోజు వెనకనుంచి ఎవరో ఊరికే వేళాకోళానికి, "అత్తా, బిడ్డకు తానం పొయ్యవా?" అని అరిచారు. పెద్ద నర్సమ్మ వెంటనే కాళ్ళు చాపి కూర్చుంది, తువ్వాలును కాళ్ళ మీద పడుకోబెట్టింది. నూనె రాసింది, నలుగు పెట్టింది, కంట్లో నీళ్ళు పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టింది. తువ్వాలుతో ముచ్చట్లు మొదలయ్యాయి. ఆమె నిజంగానే మమ్మల్ని మరిచిపోయింది. గోదావరి పిల్ల మెల్లగా వెళ్ళి బాలింత పక్కన కూర్చుని అడగవలసినవన్నీ అడిగింది. చివరి ప్రశ్న కూడా అడిగింది. అన్నిటికీ జవాబు వచ్చింది. అత్త తల ఎత్తి చూసేసరికి హాలంతా చప్పట్లు.

"ఏమైంది?" అంది పెద్ద నర్సమ్మ. తరువాత తనకే అర్థమై, "ఓయమ్మా! నూనె చేతులతోటి నేనెక్కడికి లేస్త?" అంది.

మరునాడు గోదావరి పిల్ల, పెద్ద నర్సమ్మ, నేను బయలుదేరాం. ఆ ఇల్లు కొండాపూర్‌లో. పాపను చూసిపోతామని గోదావరి పిల్ల ఫోన్ చేస్తే, రమ్మని పాప అమ్మమ్మే అంది. గచ్చిబౌలి కూడలి దగ్గర ఆటో ఆగిపోయింది. రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండి, అక్కడే కూర్చుని తింటున్నారు. ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎటు పోతున్నరు? ఇయ్యాల బండ్లు బంద్."

"బండి వద్దు తమ్మీ, నడుస్తం. బాలింత ఇంటికి," అంది పెద్ద నర్సమ్మ.

"ఎవలు, మనోళ్ళేనా?"

"బాలింతకు జిల్లా ఉంటదారా? జర జరుగు."

అతను నవ్వాడు. "ఉండదు గని, తిని పోవాలె అక్కా. తినకుంట ఎవల్ని వదుల్తలేం."

కూర్చున్నాం. వేడి అన్నం, పప్పుచారు. గోదావరి పిల్ల నోరు విప్పకుండా తింటోంది. ఎందుకో మా ఇద్దరికీ తెలుసు. కానీ చారు బాగుంది. అలవాటుగా నోరు జారింది, "ఇంకాస్త చారు వెయ్యండి" అని.

గరిటె పట్టుకున్నామె ఆగి చూసింది. చుట్టూ అందరూ చూశారు.

"ఓహో, అండీ వచ్చిందే!" అంది ఆమె. "తిను బిడ్డా, మంచిగ తిను. రాష్ట్రం అడుగుతున్నం గని నీ అన్నం అడుగుతలేం." రెండు గరిటెలు ఎక్కువే పోసింది.

కొండాపూర్ దాకా నడిచాం. అమ్మమ్మ తలుపు తీసింది. "రాండి రాండి. ఇంత బందులో ఎట్లొచ్చినారు తల్లీ?" అల్లుడు బంద్ మొదలు కాకముందే, తెల్లవారుజామున కంపెనీ బండిలో వెళ్ళిపోయాడట. ఆ అమ్మాయి మంచం అంచున కూర్చుని ఉంది. తలకు గుడ్డ, చెవుల్లో దూది. మమ్మల్ని చూసి నవ్వింది, ఆ నవ్వు వెంటనే పోయింది.

"నిద్ర పడుతోందా అండీ?"

"యాడ నిద్దర?" అంది అమ్మమ్మ. "బిడ్డ పుట్టినాక నిద్దరుంటాదా ఎవురికైనా?"

"అన్నం తింటున్నారా?"

"తింటాండాది. నేను పెడతాండా కదా."

గోదావరి పిల్ల నా వైపు చూసింది. నేను పెద్ద నర్సమ్మ వైపు చూశాను. హాలులో చూసినదే ఇది, ఒక్క నవ్వు తప్ప.

"అక్కా, బిడ్డకు తానం అయిందా?" అంది పెద్ద నర్సమ్మ.

"ఇంగా ల్యా. నీళ్ళు కాగుతాండాయి."

"అయితే పా, నేను గూడ ఒక చెయ్యేస్త. ఎంతమందికి పోసిన్నో."

ఇద్దరూ పాపను తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళారు. గోదావరి పిల్ల పడకగది తలుపు దగ్గరగా వేసింది. నేను ముందు గదిలో సోఫా మీద కూర్చున్నాను.

"ముక్కు ఒత్తకు అక్కా!"

"ఒత్తకుంటే ముక్కెట్లొస్తాది? మా కడపలో అందురికీ ఒత్తినారు, అందురికీ ముక్కులుండాయి."

"ఒత్తకున్నా ఉంటయి! చెవుల నూనె వొయ్యకు!"

"నువ్వు సాయానికొచ్చినావా, జగడానికొచ్చినావా?"

పాప ఏడుపు, చెంబు చప్పుడు, ఈ ఇద్దరి వాదన. పడకగదిలోంచి చాలాసేపు ఏమీ వినబడలేదు. తరువాత ఏడుపు వినబడింది. పాపది కాదు. నేను లేవలేదు. ఏడిస్తే ఆపవద్దు, పక్కనే ఉండండి అని నేనే చెప్పాను. నా చెల్లెలు గుర్తొచ్చింది. ఆ ఏడుపు వింటూ నాకు సంతోషం కలిగింది. అది ఎలా కుదిరిందో వివరించలేను, కలిగింది కాబట్టి రాస్తున్నాను.

అమ్మమ్మ తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. వెనక తువ్వాలులో పాపతో పెద్ద నర్సమ్మ. గోదావరి పిల్ల తలుపు తీసింది, ఆ అమ్మాయి చెయ్యి వదలలేదు. "మీ అమ్మగారితో చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగింది.

ఆ అమ్మాయే చెప్పింది. "మా, నేను ల్యాకపోతేనే పాప బాగుంటాదనిపిస్తాంది."

"నేనేం తక్కువ జేసినా?" అంది అమ్మమ్మ.

"నువ్వేం తక్కువ చేసినవు అక్కా? కాన్పు తర్వాత బీపీ వస్తే నీ తప్పా?" అంది పెద్ద నర్సమ్మ. "గిది గూడ గట్లాంటి జబ్బే. డాక్టరున్నది, మందున్నది, తగ్గుతది."

"జనాలు పిచ్చంటే?"

"అనేటోళ్ళను నా కాడికి తోలు."

అమ్మమ్మ చేతులు చీరకు తుడుచుకుని కూతురి పక్కన కూర్చుంది, ఆమె చెవుల్లో దూది తీసేసింది. "నాకు చెప్పు, ఇంటా" అంది. ఆ మధ్యాహ్నమే నాకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళాం. అంతవరకూ ఆ అమ్మాయిని ఒంటరిగా వదలలేదు. కూడలి దగ్గర పొద్దుటి మనిషే దారి ఇచ్చాడు, ఈసారి తినమనలేదు.

ఒక్కసారిగా ఏదీ బాగుపడలేదు. మందులు పనిచేయడానికి వారాలు పట్టింది. రాత్రిళ్ళు పాపను అమ్మమ్మ, అల్లుడు వంతులు వేసుకుని చూశారు. గోదావరి పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేది. ఆవిడ ఈవేళ మధ్యాహ్నం పడుకున్నారండి. ఈవేళ పాపని తనంతట తనే ఎత్తుకున్నారండి. ఒకరోజు, "ఈవేళ నన్ను కసిరారండి, మాటిమాటికీ ఫోన్ చేస్తావేంటని" అంది. ఆ రోజు ఇద్దరం ఫోన్లో చాలాసేపు నవ్వుకున్నాం.

మళ్ళీ బస్సులు తిరిగాయి. రాష్ట్రం ఇంకా రాలేదు. బాచుపల్లిలో కొత్త నర్సులకు పాఠం మొదలుపెట్టినప్పుడు కొండాపూర్ అమ్మాయి తనూ వస్తానంది. పాపతో వచ్చింది, అమ్మమ్మా వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. నాటకం దగ్గర, "నేను వేస్తా అత్త వేషం" అని ఆ అమ్మాయే లేచింది.

కొత్త నర్సు బెదురుతూ బాలింతను అడిగింది, "మీకు నిద్ర పడుతుందా?"

"యాడ నిద్దర? బిడ్డ పుట్టినాక నిద్దరుంటాదా?" అంది ఆ అమ్మాయి, నడుం మీద చెయ్యి వేసుకుని, అచ్చం వాళ్ళమ్మలా. పాఠంలో సాయానికి వచ్చిన పెద్ద నర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అన్నం తింటున్నరా?"

"తింటాండాది. నేను పెడతాండా కదా."

"నేనెప్పుడట్ల మాట్లాడినా?" అని వెనకనుంచి అమ్మమ్మ.

"మీ మనసు ఎట్లున్నది?" అని కొత్త నర్సు మళ్ళీ ప్రయత్నించింది.

"దాని మనసుకేం, బాగుండాది..."

అమ్మమ్మ ఇక ఆగలేకపోయింది. పాపను చంకలో వేసుకుని లేచి నిలబడింది. "నువ్వు నోరు మూసుకోవే! ఆ పిల్లని చెప్పనీ!"