నష్టపరిహారమా? అబ్బే, వద్దండీ!

అమెరికాలో, రెడ్‌మండ్‌లో ఉద్యోగంలో చేరిన ఆ తొలి రోజుల్లో నాకు మొహమాటం ఎంత ఉండేదంటే, ఎవరైనా నా కాలు తొక్కితే నేనే సారీ చెప్పేవాణ్ణి. (ఇప్పుడు తగ్గింది. మా ఆవిడ ఒప్పుకోదు గానీ, తగ్గింది.) పని బాగానే ఉండేది, మాట్లాడే మనిషే కరువు. మధ్యాహ్నం డబ్బా తెరుచుకుని నా డెస్క్ దగ్గరే ఒక్కణ్ణీ పప్పన్నం తింటూ, కిటికీలోంచి వాన చూసేవాణ్ణి. నా అవస్థ కనిపెట్టి చెయ్యి పట్టి లేపినవాడు మా వరంగల్ అన్న. చుట్టమేమీ కాడు, అదే టీములో నాకన్నా నాలుగేళ్ళు సీనియర్. "ఒక్కనివే కూసొని ఏం తింటవ్‌రా? మా లీగ్‌ల ఒక సీటు ఖాళీ ఉంది, దా!" అంటూ కాన్ఫరెన్స్ రూమ్‌కి లాక్కుపోయాడు.

అది బేస్‌బాల్ లీగు. అయితే అందులో ఎవరూ పరిగెత్తరు, బ్యాట్ పట్టరు. ఎనిమిదిమందికి ఎనిమిది జట్లు. నిజం ఆటగాళ్ళ పోయిన ఏటి అంకెలు కంప్యూటర్‌లో పోస్తే, మ్యాచ్‌లన్నీ అదే ఆడేసి ఎవరు గెలిచారో చెబుతుంది. వాళ్ళు శాండ్‌విచ్‌లు తింటూ, నేను పులిహోర తింటూ దాని మీద గొడవపడతాం. ఏటా కొందరు ఆటగాళ్ళను అట్టేపెట్టుకుని, మిగతావాళ్ళను డ్రాఫ్ట్‌లో వంతులవారీగా ఎంచుకోవాలి. నాకు తెలిసిందల్లా క్రికెట్టు. అందుకని మొదటి ఏడాది నా జట్టు ఆఖరున నిలిచింది. అంతటితో అయితే నవ్వేసి ఊరుకునేవాణ్ణి. కానీ వరసగా రెండేళ్ళు ఆఖరున నిలిచినవాడు సీటు ఖాళీ చేసి, బయట కాచుకున్నవాళ్ళకు ఇచ్చేయాలని రూలు. సీటు పోతే మళ్ళీ నా డెస్కూ, నా కిటికీ, నా వానా. అది తలుచుకుంటేనే నాకు ముద్ద దిగేది కాదు.

లీగు నడిపేది రూల్స్ మేడం. తెల్లజుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ సాఫ్ట్‌వేర్ టెస్టర్. నలభై పేజీల రూల్‌బుక్ ఆవిడే రాసింది. రెండో ఏడాది డ్రాఫ్ట్ ముందు, నా జట్టులో పనికొచ్చే ఒకే ఒక్క మనిషి, బంతి విసిరే పిచర్, అట్టేపెట్టుకునే గడువు తీరి బయటికొచ్చాడు. అతన్ని ఎగరేసుకుపోయింది ఎవరో కాదు, మా అన్నే. (లీగులో అన్నదమ్ములు ఉండరట!) అలా ఆటగాణ్ణి పోగొట్టుకున్నవాడికి నష్టపరిహారంగా మొదటి రౌండ్ చివర ఒక అదనపు వంతు ఇస్తారు. డ్రాఫ్ట్ మొదలుపెడుతూ మేడం కళ్ళజోడు సర్దుకుని, నాకు రావలసిన వంతు తీసుకుంటానా అని అందరి ముందూ అడిగింది. నేను రెండు చేతులూ ఊపేస్తూ "నో నో, ఇట్స్ ఓకే" అన్నాను. ఆవిడ "థ్యాంక్యూ" అని టిక్కు పెట్టుకుని పేజీ తిప్పేసింది.

ఊపిన చేతులు ఇంకా దించనేలేదు నేను.

"ఏందిరా, వద్దన్నవ్?" అంటూ అన్న నా చెవిలో గొణిగాడు.

"అడగ్గానే ఎగబడి తీసుకుంటే ఏం బావుంటుందన్నా? మళ్ళీ అడుగుతారు కదా, అప్పుడు తీసుకుందామనీ..."

"ఈడ ఒక్కసారే అడుగుతర్రా నాయనా! నీ సీటు పోతది!"

మొదటి రౌండ్ అయిపోవస్తుండగా అన్న లేచి నిలబడ్డాడు. మావాళ్ళు మొదటిసారి వద్దనేది మర్యాదకనీ, ఇంటికొచ్చినవాళ్ళు కాఫీ వద్దంటే నిజమేననుకుని గ్లాసు లోపల పెట్టేస్తే వాళ్ళు ఈ జన్మలో మన గడప తొక్కరనీ ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. (నా పిచర్‌ని ఎత్తుకుపోయినవాడే నాకు వకీలు.) అందరూ పగలబడి నవ్వారు. బల్ల కిందికి దూరిపోదామా అనిపించింది నాకు. మేడం మాత్రం నవ్వలేదు. రూల్‌బుక్ మొదటినుంచీ చివరిదాకా తిరగేసి, రెండోసారి అడగకూడదని ఎక్కడా లేదని తేల్చి, మళ్ళీ అడిగింది. ఔనంటే అక్కడితో సరిపోయేది. నా నోరు ఊరుకుంటేనా! "నో నో, నా కోసం అంత శ్రమ ఎందుకు" అనేసింది. బల్ల కింద అన్న కాలితో ఒక్క తన్ను తన్నాడు. ఎనిమిదిమందిలో ఒక్కరూ విసుక్కోలేదు. మేడం కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, పిల్లాణ్ణి అన్నం తింటావా అని అడిగినంత నెమ్మదిగా మూడోసారి అడిగింది. "ఎస్" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దేశంగాని దేశంలో నా కోసం ఒక గదంతా ఆగడం అదే మొదటిసారి.

ఆ అదనపు వంతులో నేను ఎంచుకున్న పిచర్ పుణ్యమా అని, నా జట్టు చివరినుంచి రెండో స్థానంలో నిలిచింది. సీటు దక్కింది. మరుసటి ఏడాది రూల్‌బుక్‌లో కొత్త వాక్యం ఒకటి చేరింది: నష్టపరిహారం వద్దన్న సభ్యుణ్ణి మూడుసార్లు అడగవలెను. ఎవరి వల్ల వచ్చిందో రాయకుండా నా పరువు కాపాడింది, మహాతల్లి.

మేడం రిటైరై చాలా ఏళ్ళయింది. లీగు ఇప్పుడు అన్న నడుపుతున్నాడు, ఆ రూలు అలాగే ఉంది. నాటి నా వాలకం తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రూలు మీద బతకడం మాత్రం మానలేదు. నా ఆటగాణ్ణి ఎవరైనా ఎత్తుకుపోయినప్పుడల్లా ఇప్పటికీ రెండుసార్లు వద్దంటాను. మొహమాటంతో కాదు. మూడోసారి అడిగేదాకా అందరూ తినడం ఆపి నా వైపే చూస్తారు, అందుకని.