మడత విప్పిన బొమ్మ

ఎనభైల్లో వరంగల్ మ్యూజియంలో మా డ్రాయింగు మాస్టారి మొదటి బొమ్మల ప్రదర్శన పెట్టారు. జనం రాకపోతే ఇక కుంచె పట్టనని ఆయన అన్నారు. కరపత్రం తయారీ నాకు అప్పగించారు. ఒక్క బొమ్మ చాలని మాస్టారు ఎంత చెప్పినా నేను వినలేదు. బట్టల దుకాణంలో పెరిగినవాణ్ని, జాగా వృథా కానిస్తానా? బేరమాడి బేరమాడి పద్దెనిమిది బొమ్మలూ ఒకే కాగితం మీద ఇరికించాను. అచ్చయ్యాక తపాలా బిళ్లల్లా ఉన్నాయి. మొదటిరోజు ప్రదర్శనలో మాస్టారూ, నేనూ, కాపలాదారూ మిగిలాం.

ఆ సాయంత్రం దుకాణంలో మా బాపు కరపత్రం చూశాడు.

"గిదేందిరా కొడుకా? మడత ఇప్పకుండ గిరాకికి చీరె సూపెడ్తమా? ఒక్కటి పరిచి సూపెట్టు. తతిమ్మావి వాళ్లే అడుగుతరు."

పదేళ్లుగా ఆ దుకాణంలో చీరల మడతలు విప్పుతున్నది నేనే. అయినా నాకు తట్టలేదు.

మర్నాడు మాస్టారితో మళ్లీ బేరమాడి, జంపఖానా నేసే ముసలామె బొమ్మను పెద్ద అట్ట మీద గీయించి మగ్గాలుండే కొత్తవాడ మలుపులో నిలబెట్టాను. ఆ మరుసటి రోజు నేతపనివాళ్లు ఆరుగురు మ్యూజియానికి వచ్చారు. అసలు బొమ్మ ముందు ఒకాయన చాలాసేపు నిలబడ్డాడు.

"సారూ, మగ్గం మంచిగ గీసిన్రు. గని పోగు గట్ల పట్టరు. మా అమ్మ సూస్తే నవ్వుతది."

మాస్టారు ఇక కుంచె పట్టరేమోనని ఆయన వైపు చూశాను. మాస్టారు మాత్రం ఆ నేతగాడి దగ్గరికి జరిగారు.

"మరెట్ల పడ్తరే అన్నా? జర సూపెట్టు."

ఆయన గాల్లో వేళ్లు కదిలిస్తుంటే, మాస్టారు జేబులో పెన్సిల్ కోసం వెతుక్కుంటున్నారు.